గాయానికి గడి లేని దరఖాస్తు

2024 జనవరి మొదటి వారం. ప్రజాపాలన దరఖాస్తుల గడువు దగ్గర పడ్డది. అమీర్‌పేట మైత్రీవనం వెనక గల్లీలో జిరాక్స్ దుకాణాల ముందర కాలు పెట్ట సందు లేదు. ఎప్పుడూ కోచింగ్ పిల్లల మెటీరియల్ తీసే మిషన్లు ఆ వారం సర్కారు ఫారాలే తీసినయ్. ఆ గుంపులో ఇద్దరు పెద్దమనుషులు పక్కపక్కన నిలబడ్డరు. ఇద్దరికీ డెబ్బై దాటినయ్. ఒకాయన చేతిలో మిలిటరీ డిశ్చార్జి బుక్కు, ఇంకొకాయన చేతిలో ప్రజాపాలన ఫారం.

మిలిటరీ ఆయన మద్రాస్ రెజిమెంటులో సిపాయిగా చేసిండు. 1971 యుద్ధంలో షెల్లు ముక్క తొడలో దిగింది. పట్టీ కట్టించుకొని మళ్ల కంపెనీలో కలిసిండు. ఆ గాయం కాయితం మీదికి ఎక్కింది గని తప్పుగ ఎక్కింది. శత్రువు కొట్టిన దెబ్బ అని రాయాల్సిన చోట ప్రమాదం అని రాసిండ్రు. మన ఫౌజులో గాయపడ్డోళ్ల కోసం 1973లో ఒక పతకం పెట్టిండ్రు, దాన్నే పరాక్రమ పదకం అంటరు. దెబ్బ నేరుగా శత్రువు చర్య వల్లనే తగిలి ఉండాలన్నది దాని అసలు షరతు. అందుకే ఫౌజు రికార్డుల్లో యుద్ధ క్షతగాత్రుడు వేరు, ప్రమాద క్షతగాత్రుడు వేరు. ఒక్క మాట అటు ఇటు అయితే పతకం పోతది. యాభై ఏండ్లు దాటినంక ఆ మాట దిద్దుమని నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉన్న రెజిమెంటు రికార్డు ఆఫీసుకు ఆయన దరఖాస్తు పంపుతున్నడు.

"పైసల కోసం గాదు బిడ్డా," అన్నడు. "మనుమడు అడిగిండు, తాతా ఈ మచ్చ ఏందని. యుద్ధంల తగిలింది అన్న. మరి బుక్కుల యాక్సిడెంట్ అని ఉన్నదేంది అన్నడు. ఏం జెప్పాలె?"

రెండో ఆయన ముచ్చట ఇంకో తీరు. ఆయన రిటైర్డ్ ఉద్యోగి. 1969లో కాలేజీ పిలగాడు. ప్రజాపాలన ఫారంలో ఇందిరమ్మ ఇండ్ల కింద తెలంగాణ ఉద్యమకారుల వివరాలు అడిగిండ్రు. ఎన్నికల్లో చెప్పిన 250 గజాల ఇంటి జాగ హామీ దీనికి సంబంధించినదే. అమరుని కుటుంబమైతే అమరుని పేరు, చనిపోయిన సంవత్సరం, కాయితాల నంబర్లు రాయాలె. ఉద్యమకారుడైతే ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం, ఏ జైలు, ఏ ఊరు, శిక్ష ఎంత అన్నది రాయాలె. చనిపోయినోనికి గడి ఉన్నది. జైలుకు పోయినోనికి గడి ఉన్నది. దెబ్బ తిని బతికినోనికి గడి లేదు.

ఈయన ఎడమ చెయ్యి మోచేతి కింద వంకర ఉన్నది. 1969లో లాఠీ దెబ్బకు బొక్క విరిగింది. పంజగుట్టలో అప్పటికే నిజాం ఆర్థోపెడిక్ దవాఖాన ఉన్నది, ఇయ్యాల మనం నిమ్స్ అంటున్నది దాన్నే. బొక్కల వైద్యానికే కట్టిన దవాఖాన. ఈయన ఆడికి పోలేదు. లాఠీ దెబ్బ అని చెప్తే పోలీసు కేసు రాస్తరు, కేసు రాస్తే పేరు ఎక్కుతది. తండ్రి భయపడి ఊరికి తీసుకపోయి కట్టు కట్టేటాయనకు చూపించిండు. చెయ్యి వంకరగనే అతికింది. తర్వాత నౌకరికి పోలీసు వెరిఫికేషన్ వచ్చింది. ఎక్కడా పేరు లేదు గనుక నౌకరి దొరికింది, ఆ నౌకరి మీదనే పిల్లలు చదువుకున్నరు. ఎక్కడా పేరు లేదు గనుకనే ఇయ్యాల ఉద్యమకారుడు కాకుండ పోయిండు.

ఈ ఇద్దరిలో ఒకరిది గుమాస్తా చేసిన తప్పు, ఇంకొకరిది భయం చేయించిన తప్పు. మన ఉద్యమంలో రెండో రకమే ఎక్కువ. దాని గురించి మనం సరిగ్గ మాట్లాడుకోలేదు.

2009 యాది చేసుకుందాం. నవంబరు 29న కేసీఆర్‌ను అలుగునూరు దగ్గర అరెస్టు చేసి ఖమ్మం జైలుకు పంపిండ్రు. ఉస్మానియా యూనివర్సిటీ మీద పోలీసులు పడ్డరు. డిసెంబరు మొదట్లో కేసీఆర్‌ను నిమ్స్‌కు తెచ్చినంక పంజగుట్ట చౌరస్తా అంతా పోలీసులు, టీవీ కెమెరాలే. డిసెంబరు 9 అర్ధరాత్రి చిదంబరం ప్రకటన దాకా ఆ దవాఖాన గేటు దిక్కు తెలంగాణ మొత్తం చూసింది. అదే పది రోజుల్లో, అక్కడికి కూతవేటు దూరంలో, అమీర్‌పేట హాస్టళ్లలో గ్రూప్స్‌కు, ఎస్సై పరీక్షలకు చదువుకునే పిల్లలు వీపు మీద వాతలతో బోర్లా పడుకున్నరు. సర్కారు దవాఖానకు పోతే మెడికో లీగల్ కేసు, దాని వెనక పోలీసు. ఎస్సై కావాలనుకునేటోని పేరు అదే పోలీసు స్టేషన్‌లో ఎక్కితే బతుకు ఖరాబు. గల్లీలో చిన్న క్లినిక్‌కు పోయి "బండి మీదికెళ్లి పడ్డ సార్" అని చెప్పి మందులు తెచ్చుకున్నరు. చీటీ మీద డాక్టర్ అదే రాసిండు. ఆ రోజుల్లో హాస్టల్‌లో ఉన్నోళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. సిపాయి బుక్కులో గుమాస్తా రాసిన ప్రమాదం అన్న మాటను మన పిలగాండ్లు తమ నోటితోనే రాయించుకున్నరు.

ఎఫ్ఐఆర్ ఉన్నోళ్ల సంగతి కూడా సాఫుగ లేదు. రాష్ట్రం వచ్చినంక ఉద్యమ కేసులు ఎత్తేసిండ్రు, మంచిదే. ఎత్తేసిన కేసుల కాయితాల కోసం ఇప్పుడు స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగాలె. గాయపడ్డోనికి ఆ తిరుగుడు కూడా లేదు, ఎందుకంటే అడగడానికి ఒక ఆఫీసే లేదు. సిపాయికి రాయడానికి వెల్లింగ్టన్ ఉన్నది. ఆడ కాదంటే 2007 చట్టం కింద వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉన్నది. 1969 పిలగాడు ఎవరికి రాయాలె?

జైలును లెక్క పెట్టి గాయాన్ని వదిలేసే ఈ పద్ధతి ఎక్కడిదో గని స్వాతంత్ర్య సమరయోధుల పింఛన్‌లోది మాత్రం కాదు. 1972లో మొదలుపెట్టి 1980లో సవరించిన ఆ కేంద్ర పథకంలో ఆరు నెలల జైలు ఒక అర్హత. అజ్ఞాతవాసం ఒక అర్హత. ఆస్తి జప్తు కావడం, నౌకరి పోవడం, కొరడా దెబ్బలు తినడం కూడా అర్హతలే. కాల్పుల్లోనో లాఠీచార్జిలోనో శాశ్వతంగ వికలాంగుడైతే అది విడిగ ఇంకో అర్హత. జైలు రికార్డు దొరకకపోతే, దొరకలేదని సర్కారే సర్టిఫికెట్ ఇచ్చి తోటి ఖైదీల సాక్ష్యం తీసుకునే వీలు పెట్టిండ్రు. నిజాంకు వ్యతిరేకంగ కొట్లాడిన మన తాతలు ఆ పథకం కిందనే పింఛన్ తీసుకున్నరు. ఢిల్లీకి తెలిసిన సంగతి సొంత రాష్ట్రంలో ఫారం తయారు చేసిన అధికారులకు తెలియదంటే ఎట్ల నమ్మాలె?

సుప్రీంకోర్టు కూడా ఈ సమరయోధుల కేసుల్లో రెండు మాటలు గట్టిగ చెప్పింది. 1993లో ముకుంద్ లాల్ భండారి కేసులో, ఆలస్యంగ అడిగిండని తిప్పి పంపొద్దు అన్నది. 2001లో గురుదయాల్ సింగ్ కేసులో, క్రిమినల్ కేసు నిరూపించినట్టు సాక్ష్యం అడగొద్దు, ఉన్న ఆధారాలను బట్టి నమ్మదగ్గదైతే చాలు అన్నది. ఈ రెండు మాటలు మన ఫారం తయారు చేసినోళ్ల బల్ల మీద అతికించాలె.

అమెరికా సంగతి ఒకటి చెప్పాలె. ఆడ యుద్ధంలో గాయపడ్డ సిపాయికి పర్పుల్ హార్ట్ అనే పతకం ఇస్తరు. శత్రువు వల్ల గాయం అయినట్టు, డాక్టర్ వైద్యం చేసినట్టు, అది రికార్డుకు ఎక్కినట్టు చూపించాలె. రికార్డు తప్పైతే దిద్దుమని అడగడానికి ప్రత్యేకంగ ఒక బోర్డు ఉన్నది. ఆ చట్టంలో నాకు నచ్చింది ఒక్క మాట. రికార్డులో తప్పు దొర్లినా, అన్యాయం జరిగినా దిద్దొచ్చు అని రెండూ రాసిండ్రు. మూడేండ్లలో అడగాలన్న గడువు ఉన్నది, న్యాయం కోసం అవసరమైతే దాన్ని కూడా పక్కన పెడ్తరు. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లో రికార్డుల భవనం అంటుకొని కోటి 60 లక్షల నుంచి కోటి 80 లక్షల దాకా సైనికుల ఫైళ్లు బూడిదైనయ్. కాయితం కాలిపోయింది గనుక నువ్వు సిపాయివే కాదని మాత్రం ఎవరినీ అనలేదు. జీతాల పట్టీలు, దవాఖాన జాబితాలు, తోటి సిపాయిల వాంగ్మూలాలు పెట్టి ఫైళ్లు మళ్ల కట్టిండ్రు. ఆ బోర్డు అడిగినోళ్లందరికీ ఇయ్యది, చానమందిని ఆధారం చాలదని తిప్పి పంపుతది. అయినా ఎందుకు ఇయ్యలేదో రాసి ఇస్తది. మనోళ్లకు కాదన్న కాయితం కూడా లేదు.

ఇగ దొంగ సర్టిఫికెట్ల ముచ్చట. ఈ మాట ఎత్తంగనే సెక్రటేరియట్‌లో అధికారులు అదే అడుగుతరు, అడగడం తప్పు కాదు. సమరయోధుల పింఛన్‌లో బోగస్ దరఖాస్తులు ఎన్ని గొడవలు చేసినయో మనకు తెల్సు. రేపు గాయానికి గడి పెడితే బస్సు దిగుతుంటే కాలు బెణికినోడు కూడా లైన్లో నిలబడ్తడు. ఎక్స్‌రే తీస్తే బొక్క ఎప్పుడో పాతదినాల్లో విరిగిందని తెలుస్తది, లాఠీతో విరిగిందా మోటరు సైకిల్‌తో విరిగిందా అన్నది తెల్వది. అందుకే మనిషి సాక్ష్యం కావాలె, ఆ సాక్ష్యాన్ని పరీక్ష చేసే మనుషులు కావాలె. ఒక రిటైర్డ్ జడ్జి, నిమ్స్ నుంచి ఒక బొక్కల డాక్టర్, తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ నుంచి ఒకరు, ఆ రోజుల్లో వార్తలు రాసిన ఒక విలేకరి కూర్చుంటే చాలు. ఏ రోజు, ఏ సెంటర్లో, ఎవరెవరు పక్కన ఉన్నరు అని విడివిడిగ అడిగితే అబద్ధం పది నిమిషాల్లో బయటపడ్తది. పేర్లు వార్డు ఆఫీసులో, గ్రామసభలో గోడకు అంటిస్తే మిగిలింది ఊరే చూసుకుంటది. జైలు కాయితం కూడా దొంగది పుట్టించొచ్చు. ఆ భయానికి జైలు గడి తీసేయలేదు కదా.

పదేండ్లు ఉద్యమ పార్టీయే రాజ్యమేలింది. మలిదశ అమరుల కుటుంబాలకు 10 లక్షలు, ఒక నౌకరి అన్నది. గాయపడ్డోళ్ల జాబితా ముచ్చట మాత్రం ముందటికి రాలేదు. ఆ తర్వాత వచ్చిన సర్కారు కనీసం ఫారంలో ఉద్యమకారుడు అన్న మాట పెట్టింది, పెట్టి ఎఫ్ఐఆర్ దగ్గర ఆపింది. గన్‌పార్క్‌లో స్తూపానికి 1970లో పునాది పడ్డది, సెక్రటేరియట్ ముందర అమరదీపం 2023లో వెలిగింది. చనిపోయినోళ్లకు మొక్కినం, ఇంకా మొక్కుతం. 1969లో 369 మంది అని మనం చెప్పే లెక్కకు కూడా సర్కారు ఇప్పటిదాకా పేరు పేరునా జాబితా పెట్టలేదు. చావులకే అట్లుంటే విరిగిన చేతులను ఎవరు లెక్కబెడ్తరన్నది నిజమే. కాని ఆ చేతులు ఇంకా మన మధ్యనే తిరుగుతున్నయ్, అడిగితే జవాబు చెప్తయ్. 1969లో ఇరవై ఏండ్ల పిలగాడు ఇయ్యాల డెబ్బై ఐదు దాటిండు. జవాబు చెప్పే నోర్లు ఏడాదికేడాది తగ్గుతున్నయ్.

మనం చేసేది మనం చేద్దాం. ఉద్యోగ సంఘాలోళ్లకు ఒక మాట. 1969లో టీఎన్జీవోల సమ్మె నాటి, 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె నాటి సెలవు రిజిస్టర్లు, సర్వీసు బుక్కుల్లో ఎక్కిన పదాలు మీ ఆఫీసు బీరువాల్లో ఉంటయ్. పాత ఫైళ్లు తగలబెట్టే ముందు ఒక్కసారి చూడండ్రి. యూనివర్సిటీ పిల్లలు సమాచార హక్కు చట్టం కింద దవాఖానల పాత ఔట్ పేషెంట్ రిజిస్టర్లు ఉన్నయా లేవా అని అడగండ్రి. లేవంటే లేవని రాతపూర్వకంగ తీసుకోండ్రి, రేపు తోటి సాక్ష్యానికి దారి తెరిచేది ఆ కాయితమే. ఇంట్లో 1969 మనిషి ఉంటే ఆయన చెప్పింది తేదీతో, జాగతో, పక్కనున్నోళ్ల పేర్లతో రాసి సంతకం పెట్టించండ్రి. 2009లో బండి మీదికెళ్లి పడ్డ అని చెప్పినోళ్లు ఇప్పుడు నలభైలలో ఉన్నరు, కొందరు సర్కారు నౌకర్లలోనే ఉన్నరు. వాళ్లు కూడా అసలు ముచ్చట రాసి పెట్టాలె.

జిరాక్స్ దుకాణంలో రెండో ఆయన ఎఫ్ఐఆర్ గడి దగ్గర చానసేపు ఆగిండు. ఏం రాయాలె అని మిలిటరీ ఆయనను అడిగిండు. "నువ్వు జూసింది రాయి అన్నా, గడి లేకుంటే కాయితం ఎనకకు రాయి," అన్నడు ఆయన. ఫారం తిప్పి రాసిండు. కౌంటర్‌లో తీసుకున్న పిల్ల ముందర వైపే చూసి రశీదు ఇచ్చింది.