ఆ మాత్ర ఆపమని చెప్పే హక్కు మనకెవరికీ లేదు

మేము చదివింది అరవ బడిలో, తెలుగు నేర్చింది ఇంట్లో. మాట మోటుగా ఉంటే సర్దుకోండి, విషయం మాత్రం వదలకండి.

మన సంఘంలో ఎనిమిదేళ్ల పాపకు అడ్రినల్ గ్రంథులు పనిచేయడం లేదని పోయిన నెల తేలింది. పేరు రాయము. తల్లి సరేనన్నాకే రాస్తున్నాము. ఆమెకు మనవాళ్లు చెప్పిన బుద్ధులు రెండు. "స్టెరాయిడా? అమ్మో, ఆపెయ్, నాటు మందు ఉంది." "ఆడపిల్ల, బయట చెప్పొద్దు, రేపు సంబంధాలు రావు."

ఈ రెండు మాటలూ బిడ్డ ప్రాణం మీదికి తెస్తాయి.

మూత్రపిండాల పైన ఉండే ఆ చిన్న గ్రంథులు కార్టిసాల్ చేయాలి. అది లేకుంటే మనిషి నిలవడు. ఒళ్లు చేయనిదాన్ని హైడ్రోకార్టిసోన్ మాత్రతో ఇస్తారు, అంతే. ఎక్కువ మోతాదులో చాన్నాళ్లు వాడితే స్టెరాయిడ్ చెడుపు చేస్తుంది, ఆ భయం నిజమే. ఇక్కడ ఇచ్చేది ఒంటికి కావలసినంతే. షుగరున్న బిడ్డకు ఇన్సులిన్ ఆపమంటామా?

1855లో లండన్‌లో థామస్ అడిసన్ ఈ జబ్బును వివరించిననాడు దీనికి మందు లేదు. రోగులు చనిపోయేవాళ్లు. తర్వాత మందు వచ్చింది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఇదే జబ్బుతో, ఇదే రకం మందులతో దేశాన్ని ఏలాడు. మా ఇంటామెకు క్షయ ఆ గ్రంథులను చెరిచి పద్దెనిమిదేళ్లు. మాత్ర వేసుకుంటుంది, రైలెక్కి తిరుపతి పోతుంది, మనవళ్లను తిడుతుంది.

దాచడం ఇంకా ప్రమాదం. జ్వరమొస్తే మన ఒళ్లు కార్టిసాల్ తానే పెంచుకుంటుంది. ఆ బిడ్డ ఒళ్లు పెంచుకోలేదు. డాక్టరు రాసిచ్చినట్టు మాత్ర రెండింతలో మూడింతలో చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే హైడ్రోకార్టిసోన్ సూది వేసి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. బళ్లో టీచరమ్మకు, పక్కింటి వాళ్లకు తెలియకపోతే ఆ పని ఎవరు చేస్తారు? బిడ్డ మగతగా పడుంటే నిద్రపోతోందనుకుంటారు.

సంబంధాల సంగతి ఇరవై ఏళ్లకు చూద్దాం. ముందు బిడ్డ ఇరవై ఏళ్లు చేరాలి కదా!

సంఘానికి మేము అడిగేది మూడు. ఆ తల్లికి మందు సలహాలు మానండి. డాక్టరు రాసిచ్చిన అత్యవసర కాగితం బడికి చేరేటట్టు ఇద్దరు పెద్దలు తోడు వెళ్లండి. ఆ వీధిలో ఉన్న మనవాళ్లు ఇద్దరు నర్సు దగ్గర సూది వేయడం నేర్చుకోండి. మేము ముందే వస్తాము. ఇంకొకరు పేరివ్వండి.