ఇంటి తోట: నీడలో వెండి ఆకులు

ఎండ తగలని చోట ఏ మొక్కా బ్రతకదని మనలో చాలామంది అనుకుంటాము. వేపచెట్టు క్రింద, వసారా మూలన ఉన్న స్థలాన్ని ఊరకే వదిలేస్తాము. అట్టి చోటుకు తగిన మొక్క ఒకటి ఉన్నది. నర్సరీలలో దానిని అల్యూమినియం ప్లాంట్ అంటారు. మనం సిల్వరు గిన్నెలని పిలిచే పాత్రల మెరుపు దాని ఆకులపై ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది.

ఇది సుమారు అడుగు ఎత్తు పెరుగుతుంది. ముదురు పచ్చని ఆకుమీద వెండి పూసినట్లు ఉబ్బెత్తు మచ్చలుంటాయి. నిజానికి ఆకులో వెండిరంగు ఏమీ లేదు. పైపొరకు, దాని క్రింది పచ్చని కణాలకు మధ్య గాలి నిలిచి ఉంటుంది. వెలుగు ఆ గాలికి తగిలి తిరిగి రావడం వలన మనకు మెరుపు కనబడుతుంది.

దీని స్వస్థలం వియత్నాం, దక్షిణ చైనా అడవులు. 1939లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దీనికి పైలియా కాడియరై అని పేరు పెట్టారు. వియత్నాంలో దీర్ఘకాలం పనిచేసి, అక్కడి ప్రజల భాషను, ఆచారాలను శ్రద్ధగా పరిశీలించిన క్యాథలిక్ మిషనరీ లియోపోల్డ్ కాడియేర్ (1869–1955) గౌరవార్థం ఆ పేరు వచ్చింది.

పెద్ద చెట్ల నీడన పుట్టిన మొక్క గనుక దీనికి నేరుగా ఎండ పనికిరాదు. ఎర్రమట్టి, మాగిన ఆకుల ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నాటండి. పైమట్టి వ్రేలికి పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయండి. వానాకాలంలో నీరు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. వేసవిలో వడగాడ్పులు మొదలు కాగానే కుండీని మంచినీళ్ల కుండలుండే అరుగు దగ్గరకు మార్చండి. అక్కడి చల్లదనం, తేమ దానికి హితవు. అరకు, లంబసింగి వంటి చలి ప్రాంతాలవారు శీతకాలంలో ఇంటిలోపల ఉంచాలి.

గాజు సీసాలో కూడా దీనిని పెంచవచ్చు. 1829లో లండనులో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు పురుగు గూడును పరిశీలించుటకై మూత వేసిన సీసాలో తడిమన్ను ఉంచగా, అందులో ఫెర్ను, గడ్డి మొలిచాయి. టెర్రేరియంల వాడుక వ్యాపించడానికి అదే ప్రారంభం. ఆకులు విడిచిన ఆవిరి గాజుకు పట్టి, నీరై తిరిగి మట్టిలోకి జారుతుంది.

వెడల్పు మూతిగల పచ్చడి సీసాను శుభ్రంగా కడిగి, అడుగున అంగుళం మందాన గులకరాళ్లు, వాటిపై కొద్దిగా కట్టెబొగ్గు ముక్కలు, ఆపైన మూడంగుళాల మట్టి వేయండి. చిన్న కొమ్మను నాటి, కొద్దిగా నీరు చిలకరించి మూతపెట్టండి. సీసా అంతా మంచు పట్టినట్లుంటే కొన్ని గంటలు మూత తీయండి. మట్టి పొడిబారితే రెండు చెంచాల నీరు చాలు. సీసాకు ఎండ మాత్రం తగలనివ్వకండి. మూతవేసిన గాజులో వేడి చిక్కుకొని, ఒక్క మధ్యాహ్నంలోనే మొక్క ఉడికిపోతుంది.

ఇక ముఖ్యమైన మాట. ఈ మొక్కను ముట్టకుండా అపురూపంగా దాచుకుంటే అది నిలవదు. ఏళ్లు గడిచేకొద్దీ కాడలు పొడవుగా సాగి, క్రింది ఆకులు రాలి బోసిపోతుంది. కాబట్టి చిగుళ్లు గిల్లుతూ ఉండాలి. గిల్లిన చోట కొత్త కొమ్మలు వస్తాయి. మూడు నాలుగంగుళాల కొమ్మముక్కకు క్రింది ఆకులు తీసి తడి ఇసుకలో నాటితే, కొద్ది వారాలలో వేళ్లు పట్టుతుంది. ఈ మొక్క ఇంటింటికీ చేరింది ముఖ్యంగా ఇలాంటి ముక్కల ద్వారానే.

ఈసారి కత్తిరించిన కొమ్మలను పారవేయక, ఒకటి సీసాలో నాటి, రెండు ఇరుగుపొరుగు వారికి ఇవ్వండి. మేనెల ఎండలకు మన మొక్క పోయినా, మనమిచ్చిన ఇంటికి వెళ్లి ఒక కొమ్మ అడిగి తెచ్చుకోవచ్చు.