వేలికంటిన మామిడిరసం

మొన్న ఆదివారం పొద్దున్నే మా పిన్ని ఫోను. గొంతులో వణుకు. "షుగర్ 286 చూపిస్తోందిరా! ఇంకో మాత్ర వేసేసుకోనా?" అంతకుముందు ఏం చేశావని అడిగాను. మనవడికి బంగినపల్లి ముక్కలు కోసిపెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని సూది పొడుచుకుందట. సబ్బుతో కడుక్కుని, తడి ఆరాక ఇంకో వేలికి చూసుకోమన్నాను. ఈసారి 148. ఆ మొదటి అంకెలో సగం మామిడిపండుదే. నాకు ఫోను చేయకుండా మాత్ర మింగి ఉంటే?

మిషన్ చెప్పిందే వేదమనుకుంటున్నాం. ఇంట్లో వాడే ఈ మీటర్లకు 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్‌ఓ 15197. షుగర్ 100, ఆపైన ఉన్నప్పుడు ల్యాబ్ అంకెకు 15 శాతం అటూ ఇటూ రావచ్చు. వందలోపైతే 15 పాయింట్లు. వంద ఫలితాల్లో కనీసం 95 ఆ హద్దులో ఉండాలి. అంటే అసలు 200 ఉన్నవాళ్లకు 170 వచ్చినా, 230 వచ్చినా ఒప్పే. ఈ హద్దులోనైనా అన్నీ ఉంటున్నాయా? అమెరికాలో అమ్మకానికి అనుమతి ఉన్న 18 మీటర్లను ఇదే 15 లెక్కతో పరీక్షిస్తే ఆరే గట్టెక్కాయని 2018లో తేలింది.

ఇక మన ఎండలు. రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్పులు వేడికి పాడవుతాయి. చాలా స్ట్రిప్పుల డబ్బాల మీద 30 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసుంటుంది. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎలా ఉంటుందో చెప్పాలా? మిషనూ స్ట్రిప్పూ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి కంట్రోల్ సొల్యూషన్ అని చిన్న సీసా ఉంటుంది. దానికోసం మా పేటలో మూడు మందుల షాపులు తిరిగాను. ఎక్కడా లేదు. మిషన్లు మాత్రం అద్దాల బీరువా నిండా ఉన్నాయి.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు చాలా మీటర్లు అసలు షుగర్ కన్నా ఎక్కువ చూపిస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. షుగర్ 60కి పడిపోయి చెమటలు పడుతున్న తల్లికి మిషన్ 80 చూపిస్తే, "బాగానే ఉందిగా, కాసేపు పడుకో" అంటాం. ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిని, ఒంట్లో రక్తం లేకుండా చేసుకున్న మనిషికి చివరికి మిషన్ కూడా న్యాయం చేయడం లేదు.

సోమవారం పిన్నిని ల్యాబ్‌కు తీసుకెళ్లి, షుగర్‌తో పాటు హిమోగ్లోబిన్ కూడా చూడమన్నాను. 9.1 మాత్రమే ఉంది. పదకొండేళ్లుగా షుగర్‌కి వైద్యం చేయించుకుంటోంది. రక్తం ఎంతుందో చూద్దామని ఇన్నేళ్లలో ఒక్క డాక్టరూ అనలేదు. ఇంట్లో మేమూ అనలేదు.

మీ ఇంట్లో మిషన్ ఉంటే ఈ వారమే అమ్మని ల్యాబ్‌కు తీసుకెళ్లండి. అక్కడ రక్తం ఇచ్చేటప్పుడే మిషన్‌తోనూ చూసి, రెండంకెలూ పక్కపక్కన రాసుకోండి. కింద ఆమె హిమోగ్లోబిన్ కూడా రాయండి.