ఒక్కరేనా అని అడగకండి

ఊరు కాని ఊళ్లో ఒంటరిగా భోజనానికి వెళ్తే హోటల్లో వినిపించే మొదటి మాట "ఎంతమంది?". ఒక్కరే అనగానే మర్యాద సగం తగ్గిపోతుంది. ఈ వారం రాజమండ్రిలో ఒక హోటల్లో కిటికీ పక్కన టేబుళ్లు ఖాళీగా ఉన్నా, "అవి ఫ్యామిలీలకండీ" అంటూ నన్ను సింకు పక్కన కూర్చోబెట్టారు. తింటున్నంతసేపూ వెనక ఎవరో ఒకరు పుక్కిలిస్తూనే ఉన్నారు. వంట బాగుంది, ధరా న్యాయంగానే ఉంది. అందుకే మరీ ఒళ్లు మండింది.

అసలు ఒంటరి ప్రయాణికుడికి మన మీల్స్‌ను మించింది లేదు. మెనూ కార్డు చూసి ఒక కూర తెప్పించుకుంటే ఇద్దరికి సరిపడా వస్తుంది, రెండోది రుచి చూద్దామంటే డబ్బూ తిండీ దండగ. మీల్స్ అయితే పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి, పొడి, పెరుగు అన్నీ ఒక్క మనిషి ఆకులోకి, ఒక్క మనిషి ధరకే వస్తాయి. కాకినాడ సుబ్బయ్య హోటల్‌కు అంత పేరొచ్చింది రకాల వల్లే కాదు, కొసరి కొసరి వడ్డించడం వల్ల కూడా. ఢిల్లీ ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో కుర్చీ ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోవడమే. ఎదురుగా ముక్కూమొహం తెలియనివాళ్లు ఉన్నా భోజనానికి ఏ లోటూ రాదు.

వడ్డన గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మంచి సర్వర్ మన ఆకు చూసి నడుచుకుంటాడు. అన్నంలో గుంట చేసుకునేదాకా ఆగి పప్పు వేస్తాడు, కలుపుకునేలోగా నెయ్యి పట్టుకొస్తాడు. ఇప్పుడు గిన్నెలన్నీ ఒకేసారి పళ్లెంలో సర్ది తెచ్చి పడేస్తున్నారు. ఆ తర్వాత వాళ్ల చూపంతా పార్సిళ్ల మీదే. నలుగురున్న టేబుల్లో ఒకరు కాకపోతే ఒకరు కేకేస్తారు. ఒంటరిగా వచ్చినవాడు మొహమాటపడి, మజ్జిగ అన్నం తినకుండానే చెయ్యి కడుక్కుంటాడు. ఉద్యోగం పని మీద తిరిగే ఆడపిల్లలైతే ఆ చూపులూ ప్రశ్నలూ పడలేక లాడ్జి మంచం మీద కాగితం పరుచుకుని పార్సిల్ విప్పుకుంటున్నారు. వేడి అన్నం తినే హక్కు వాళ్లకు లేదా?

2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో పూట భోజనం 5 రూపాయలు. అక్కడ మనిషికో టోకెన్, వెంట ఎవరొచ్చారన్న ఆరా లేదు. నూటయాభై కట్టే చోట ఆ పాటి సమానత్వం ఎందుకు ఉండదు?

ఇక నీళ్లు. కూర్చున్నామో లేదో, అడక్కుండానే సీసా తెచ్చి టక్కున మూత తిప్పేస్తారు. మామూలు నీళ్లు చాలంటే అప్పు అడిగినట్టు చూస్తారు. నలుగురైతే లీటరు సీసా పంచుకుంటారు, ఒక్కరైతే సగం వదిలేసి మొత్తానికీ డబ్బు కట్టాలి. రైల్ నీర్ లీటరు ధరను 2025 సెప్టెంబరులో 15 నుంచి 14 రూపాయలకు తగ్గించారు. హోటల్లో మాత్రం సీసా మీద అచ్చేసిన ధరకు మించి తీసుకున్నా అడగలేం, 2017లో సుప్రీంకోర్టే అందుకు ఒప్పుకుంది. సరే, సీసా కావలసినవాళ్లు కొనుక్కుంటారు. డబ్బు తీసుకుని అన్నం పెట్టేవాళ్లు ముందుగా స్టీలు గ్లాసు కడిగి, శుభ్రమైన మంచినీళ్లు పోసి ఆకు పక్కన పెట్టాలి. ఒక్కరొచ్చినా సరే.