తలకు దెబ్బ తగిలితే ఆట ఆపాలి

రాజమండ్రి నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు:

"డాక్టరు గారికి నమస్కారములు. మా అబ్బాయికి పదిహేడేళ్ళు. ఫుట్‌బాల్‌లో బ్యాక్ ఆడతాడు. పెద్ద క్లబ్బులో చేరి ఆటతోనే బ్రతకాలని వాడి కోరిక. పోయిన ఆదివారం మ్యాచిలో ఎత్తుగా వచ్చిన బంతిని తలతో కొట్టబోతే అవతలి కుర్రాడి తల వీడి కణతకు తగిలింది. స్పృహ తప్పలేదు. ముఖాన నీళ్ళు చల్లుకుని చివరిదాకా ఆడాడు. ఇంటికి వచ్చాక ఎన్ని గోళ్ళు అయ్యాయో చెప్పలేకపోయాడు. రాత్రి అన్నం తినగానే వాంతి అయింది. ఆస్పత్రికి తీసుకువెళ్ళి స్కానింగు చేయిస్తే ఏమీ లేదన్నారు. కాని ఇప్పటికీ వెలుతురు చూస్తే తలనొప్పి అంటున్నాడు. ఈ ఆదివారం ఫైనల్సు. వద్దంటే, 'జర్నైల్ సింగ్ తలకు కుట్లతో ఆడి గోలు కొట్టలేదా?' అని నా నోరు మూయిస్తున్నాడు. పంపమంటారా?"

పంపవద్దు. ఉత్తరం అందిన రోజే ఈ సోదరికి ఈ మాట తెలియజేశాను. అయితే ఇటువంటి కుర్రాళ్ళు కాకినాడలోనూ, ఏలూరులోనూ, భీమవరంలోనూ, మీ వీధిలోనూ ఉంటారు. అందుకని వివరంగా వ్రాస్తున్నాను.

కుర్రాడు చెప్పింది నిజమే

ముందు ఆ అబ్బాయి మాట తీసుకుందాం. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో మన జట్టు బంగారు పతకం గెలిచింది. జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు మన హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. డిఫెండరు జర్నైల్ సింగ్‌కు థాయ్‌లాండుతో ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. అయినా రహీం అతన్ని ముందు వరుసలో ఆడించారు. సెమీ ఫైనల్సులో ఒక గోలు, దక్షిణ కొరియాతో ఫైనల్సులో మరొక గోలు కొట్టాడు. మనం 2-1తో గెలిచాం.

ఆ ధైర్యానికి నమస్కారం. కాని ఒక మాట గుర్తుంచుకోండి. అప్పటికి మెదడుకు తగిలే దెబ్బ గురించి వైద్యులకు తెలిసింది తక్కువ. ఈనాడు తెలిసి కూడా అదే పని చేయిస్తే అది ధైర్యం కాదు, అజాగ్రత్త.

స్కానింగులో కనపడని దెబ్బ

కడవలో నీళ్ళు పోసి ఒక్కసారి కుదిపితే ఏమవుతుంది? కడవ పగలదు, లోపలి నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటాయి. తలకు దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల మెదడు కూడా అలాగే అదురుతుంది. దీన్నే కంకషన్ అంటారు. ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది, రక్తం గడ్డకడితే స్కానింగులో కనిపిస్తుంది. కంకషన్‌లో చెదిరేది మెదడు పని. కాబట్టి స్కానింగు బాగుందంటే లోపల రక్తస్రావం లేదని మాత్రమే అర్థం. మెదడు కోలుకున్నదని అర్థం కాదు.

స్పృహ తప్పితేనే పెద్ద దెబ్బ అని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. కంకషన్ అయినవారిలో ఎక్కువమందికి స్పృహ తప్పదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, వెలుతురు పడకపోవడం, జరిగినది మరచిపోవడం, ఊరికే విసుక్కోవడం - ఇవే గుర్తులు.

ఈ మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే, అరుదుగానే అయినా, మెదడు హఠాత్తుగా వాచి నిమిషాల మీద ప్రాణం పోవచ్చు. ఈ ప్రమాదం ఎక్కువగా చిన్న వయసువారికే.

బ్యాక్ ఆడేవారికే ఎందుకు?

గోల్‌కీపరు చేతులతో ఆడతాడు. ఫార్వర్డు పాదాలతో ఆడతాడు. అవతలివాళ్ళు పైకి లేపి కొట్టిన బంతిని మాటిమాటికీ తలతో వెనక్కి కొట్టవలసినవాడు డిఫెండరు. పొడి బంతి బరువే 410 నుంచి 450 గ్రాములు.

స్కాట్లండులో ఏడువేల ఆరువందల మందికి పైగా మాజీ వృత్తి ఆటగాళ్ళ రికార్డులు పరిశీలించారు. మతిమరుపు వంటి మెదడు క్షీణత జబ్బులతో మరణించడం వారిలో మామూలు జనం కన్నా సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని 2019లో ప్రకటించారు. 2021లో మరికొంత తేలింది: ఈ జబ్బులు గోల్‌కీపర్లలో మామూలు జనంతో సమానంగానే ఉండగా డిఫెండర్లలో సుమారు అయిదు రెట్లు! ఎక్కువ ఏళ్ళు ఆడినవారికి ముప్పు ఎక్కువ.

అయితే అదే పరిశీలనలో ఆటగాళ్ళకు గుండె జబ్బు మరణాలు తక్కువని కూడా తేలింది. కనుక ఆట మాన్పించకండి. తలను కాపాడండి.

ఏం చేయాలి?

దెబ్బ తగిలి అనుమానం కలిగితే ఆ నిమిషంలోనే మైదానం బయటికి రావాలి. ఆ రోజు మళ్ళీ దిగకూడదు. ఉల్లిపాయ వాసన చూపడం, సోడా పట్టించడం చికిత్సలు కావు.

మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. సెల్‌ఫోను, టీవీ బాగా తగ్గించాలి. నెమ్మదిగా నడవవచ్చు. నొప్పికి పారాసిటమాల్ చాలు. డాక్టరు చెప్పకుండా ఆస్పిరిన్, బ్రూఫెన్ వాడవద్దు. నిద్ర పోనివ్వండి, పక్కన మనిషి ఉండి కనిపెట్టాలి.

తలనొప్పి పెరుగుతున్నా, మళ్ళీ మళ్ళీ వాంతులవుతున్నా, మాట తడబడినా, ఫిట్సు వచ్చినా, ముక్కు చెవుల నుంచి నీరు కారినా, లేపితే లేవకపోయినా వెంటనే 108కి ఫోను చేసి పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళండి.

తరువాత చదువు, ఆపైన నడక, పరుగు, ఒంటరిగా బంతి సాధన - ఈ వరుసలో వెళ్ళాలి. 2023లో బ్రిటన్‌లో జారీచేసిన సూచనల ప్రకారం 21 రోజులలోపు పోటీకి దిగరాదు. చివరి అనుమతి డాక్టరు ఇవ్వాలి. ఆటగాడు "నాకు బాగానే ఉంది" అన్న మాట లెక్కలోకి రాదు. అలా అనని ఆటగాడు ఉండడు.

పన్నెండేళ్ళలోపు పిల్లలచేత తలతో బంతి సాధన చేయించవద్దు. స్కాట్లండులో 2020లోనే దీన్ని ఆపారు. టోర్నమెంటు పెట్టే పెద్దలకూ ఒక మనవి: కంకషన్ అయిన ఆటగాడి బదులు అదనంగా మరొకరిని దింపే వీలును 2024లో నియమావళిలోనే చేర్చారు. దాన్ని వాడుకోండి.

ఆ అబ్బాయికి ఒక మాట

బాబూ, హైదరాబాదు డిఫెండరు సయ్యద్ నయీముద్దీన్ గురించి విన్నావా? ఆయన నాయకత్వంలో మన జట్టు 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచింది. ఆట చాలించాక శిక్షకుడై 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నాడు. డిఫెండరు కాళ్ళు ముప్పై అయిదేళ్ళ దాకా పనిచేస్తాయేమో. ఆ తరువాత నలభై ఏళ్ళూ అన్నం పెట్టేది తలకాయే.

ఈ ఫైనల్సు పోతే వచ్చే సంక్రాంతికి మరొకటి వస్తుంది. మెదడు మరొకటి రాదు. ఆదివారం అమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్ళి గట్టు మీద కూర్చుని మీవాళ్ళ ఆట చూడు.