దెబ్బ తిన్న ఆమె సంగతేమిటి?

బొమ్మల పుస్తకం అనగానే మనకు చందమామ గుర్తొస్తుంది. అమర్ చిత్ర కథ గుర్తొస్తుంది. సెలవుల్లో పిల్లల చేతికిచ్చేసి మన పని మనం నిశ్చింతగా చేసుకోవచ్చన్న ధీమా గుర్తొస్తుంది. అందుకే కామిక్ పుస్తకం ఆధారంగా తీసిన సినిమా అంటే పిల్లల సినిమాయే అనుకునే తల్లులు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. "బ్యాట్‌మన్ బొమ్మల సినిమాయేనండీ, చూసుకోమని పిల్లాడికి ఫోనిచ్చి వచ్చాను" అని మా వీధిలో ఒకావిడ అన్నప్పుడు, "ఏ బ్యాట్‌మన్ అండీ?" అని అడిగాను. ఎందుకంటే అందులో పెద్దవాళ్ళు కూడా తల తిప్పుకునేవి ఉన్నాయి. అలాంటి ఒక సినిమా గురించి, అది వచ్చినప్పుడు ప్రేక్షకులు అడిగిన ఒక ప్రశ్న గురించి ఈ వారం మీతో చెప్పాలనుంది.

1988లో అమెరికాలో డీసీ కామిక్స్ సంస్థ 'ద కిల్లింగ్ జోక్' అనే పుస్తకం వేసింది. యాభై పేజీలు కూడా ఉండదు. కథ అలన్ మూర్‌ది, బొమ్మలు బ్రయన్ బోలండ్‌వి. జోకర్ అనే దుర్మార్గుడికి ఒక పంతం. ఎంత మంచివాడికైనా ఒక్క చెడ్డ రోజు ఎదురైతే చాలు, పిచ్చివాడైపోతాడని నిరూపించాలని. అందుకు పోలీస్ కమిషనర్ గోర్డన్‌ను ఎంచుకుంటాడు. ఆయన ఇంటి తలుపు కొడతాడు. కూతురు బార్బరా తలుపు తీస్తుంది. తీసీ తీయగానే తుపాకీతో కాలుస్తాడు. తూటా వెన్నెముకకు తగిలి, ఆమె నడుము కింది భాగం చచ్చుపడిపోతుంది. అంతటితో వదలడు. నెత్తుటి మడుగులో పడివున్న ఆ పిల్ల బట్టలు తీసి ఫొటోలు తీస్తాడు. వాటిని తండ్రికి చూపించి పిచ్చెక్కించాలని చూస్తాడు. తండ్రి తట్టుకుంటాడు. బ్యాట్‌మన్ వచ్చి జోకర్‌ను పట్టుకుంటాడు. చివర్లో జోకర్ ఒక జోకు చెబితే ఇద్దరూ కలిసి నవ్వుతారు. కథ కంచికి!

ఈ బార్బరా ఎవరో దారిన పోయే అమ్మాయి కాదు. 1967 నుంచీ పాఠకులకు బాగా తెలిసిన పిల్ల. పగలు లైబ్రేరియన్, రాత్రి బ్యాట్‌గర్ల్. దుర్మార్గులను తన్ని తగలేసే సాహసి. ఈ కథలో మాత్రం తలుపు తీయడం, తూటా తినడం, ఆస్పత్రి మంచం మీద కాసేపు కనిపించడం - అంతే ఆమె పాత్ర. పుస్తకానికి గొప్ప పేరొచ్చింది. ఆ రంగంలో పెద్దదనుకునే ఐస్నర్ అవార్డూ వచ్చింది.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కూతురు ఇలాంటి పుస్తకాలు తెగ చదువుతుంది. ఇది నాకు చూపించింది కూడా తనే. నేను ఆ నెత్తురు చూసి మొహం చిట్లిస్తే, "నెత్తురు సంగతి కాదు పిన్నీ. తండ్రికి పిచ్చెక్కిందా లేదా అని అందరూ చూస్తారు. జోకర్ మనసులో ఏముందో చూస్తారు. మరి దెబ్బ తిన్న ఆ అమ్మాయి సంగతేమిటి? ఒక్కళ్ళూ అడగరేం?" అంది. దాని మాట నా మనసులో నాటుకుపోయింది.

నిజానికి ఆ మాట అడిగినవాళ్ళు అమెరికాలోనూ ఉన్నారు. 1994లో 'గ్రీన్ లాంటర్న్' అనే కామిక్‌లో కథానాయకుడు ఇంటికొచ్చేసరికి, శత్రువు అతని ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో కుక్కి ఉంటాడు. హీరోకి కోపం తెప్పించడానికి ఆ శవం ఒక సాధనం. గెయిల్ సిమోన్ అనే పాఠకురాలు 1999లో ఇలాంటివన్నీ ఒకచోట జాబితా వేసింది. చంపేసినవాళ్ళు, చెరిచినవాళ్ళు, అవిటివాళ్ళను చేసినవాళ్ళు, శక్తులు ఊడబెరికినవాళ్ళు... ఆ ఆడపాత్రల పట్టీ చాంతాడంత అయింది. ఆ జాబితాకు ఆవిడ పెట్టిన పేరు 'ఫ్రిజ్‌లో ఆడవాళ్ళు'. హీరోకి పగ పుట్టించడం కోసమే ఆడపాత్రను బలి పెట్టడాన్ని అప్పట్నుంచీ 'ఫ్రిజ్‌లో పెట్టడం' అనే అంటున్నారు. అంతకు ముందు బ్యూటీ పార్లర్‌లో జుట్టు కత్తిరించే పని చేసిన ఆవిడ, తర్వాత పేరున్న కామిక్ రచయిత్రి అయింది. బార్బరా కథలు కూడా రాసింది.

ఇది చదువుతుంటే మీకూ ఏదో తెలిసిన సంగతిలా అనిపిస్తోంది కదూ? మన సినిమాల్లో హీరో చెల్లెలు గుర్తొచ్చి ఉంటుంది. రెండు సీన్లలో గలగలా నవ్వుతుంది, అన్నయ్యకు రాఖీ కడుతుంది, మూడో సీన్‌లో దుర్మార్గుల చేత చిక్కుతుంది. నాలుగో సీన్ నుంచి కథంతా అన్నయ్య పగే. ఆ పిల్ల బతికి ఉంటే ఏం చేసేది, ఏం మాట్లాడేది అన్నది కథకు పట్టదు. చాలా సినిమాల్లో బతికి ఉండనివ్వరు కూడా. మన చెల్లెలికీ, వాళ్ళ ఫ్రిజ్‌లో ఉన్న పిల్లకీ తేడా ఏముంది?

బార్బరాను మాత్రం ఒక ఆడమనిషి ఆదుకుంది. రచయిత్రి కిమ్ యేల్‌కు 'కిల్లింగ్ జోక్'లో ఆ పిల్లకు జరిగింది నచ్చలేదు. ఆవిడా, ఆవిడ భర్త జాన్ ఆస్ట్రాండర్ కలిసి 1989లో బార్బరాను మళ్ళీ కథల్లోకి తెచ్చారు. కాళ్ళు తిరిగి వచ్చేసినట్టు మాయలూ మంత్రాలూ చేయలేదు. చక్రాల కుర్చీలోనే ఉంచారు. ఆమె చదువూ, తెలివీ ఆమెకే ఆయుధాలుగా ఇచ్చారు. 'ఆరకిల్' అన్న పేరుతో కంప్యూటర్ ముందు కూర్చుని, మిగతా వీరులందరికీ సమాచారం అందించే దిక్కయింది బార్బరా. ఆ రూపంలో ఇరవై ఏళ్ళకు పైగా ఉంది. 2011లో కంపెనీవాళ్ళు ఆమెను మళ్ళీ నడిపించినప్పుడు, "మాలాంటి ఒక్క మనిషినీ మాకు లేకుండా చేశారు" అని వికలాంగులైన పాఠకులు బాధపడ్డారంటే, ఆ పాత్ర వాళ్ళకెంత దగ్గరైందో చూడండి.

2015లో ఇంకో సంగతి జరిగింది. బ్యాట్‌గర్ల్ పుస్తకానికి ఒక ప్రత్యేక అట్ట వేశారు. తుపాకీ పట్టుకున్న జోకర్ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఉంటాడు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు, మొహం మీద ఎర్రగా పులిమిన నవ్వు. పాఠకులు, ముఖ్యంగా ఆడపిల్లలు, గట్టిగా అభ్యంతరం చెప్పారు. బొమ్మ గీసిన బ్రెజిల్ చిత్రకారుడు రఫాయెల్ అల్బుకర్క్ తానే అడిగి ఆ అట్టను వెనక్కి తీసుకునేలా చేశాడు. కళాకారుడి స్వేచ్ఛ మంటగలిసిపోయిందని గోల చేసినవాళ్ళూ లేకపోలేదు. కానీ ఎవరూ నిషేధించలేదు. చదివేవాళ్ళు అడిగారు, గీసినవాడు విన్నాడు.

మరుసటి ఏడాదే, 2016లో, 'ద కిల్లింగ్ జోక్' యానిమేషన్ సినిమాగా వచ్చింది. అమెరికాలో దానికి ఆర్ రేటింగ్ ఇచ్చారు. అంటే పదిహేడేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళ తోడు లేకుండా చూడకూడదన్నమాట. పుస్తకానికీ సినిమాకీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. పుస్తకంలో బొమ్మ కదలదు. చూడలేకపోతే పేజీ తిప్పేస్తాం, మూసేస్తాం. ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య జరిగింది మన ఊహకే వదిలేస్తారు. సినిమాలో ఆ వెసులుబాటు లేదు. తుపాకీ పేలిన చప్పుడు చెవిలో పడుతుంది, మనిషి పడిపోవడం కళ్ళ ముందే జరుగుతుంది, ఎంతసేపు చూడాలో కూడా వాళ్ళే నిర్ణయిస్తారు. పేజీ మీద తట్టుకున్నది తెర మీద తట్టుకోలేకపోవడం అందుకే.

కథ చిన్నది, పూర్తి సినిమాకు చాలదు. బార్బరాకు పాత్ర పెంచాలని కూడా అనుకున్నారట. దాంతో మొదట్లో దాదాపు అరగంట కొత్త కథ కలిపారు. ఏం కలిపారయ్యా అంటే, బార్బరాకు గురువులాంటి బ్యాట్‌మన్‌తో శారీరక సంబంధం! తర్వాత అతను మాట్లాడకపోవడం, ఆమె కుమిలిపోవడం, బ్యాట్‌గర్ల్ పని మానేయడం. ఆ వెంటనే అసలు కథ, తలుపు, తూటా. చూసినవాళ్ళు మండిపడ్డారు. చాలామంది కోపం నెత్తురు ఎక్కువైందని కాదు. ముప్పై ఏళ్ళ కిందటి పొరపాటు దిద్దుకునే అవకాశం వస్తే, ఆమెను మనిషిగా చూపించడం అంటే ఒక మగవాడి కోసం ఏడిపించడమేనా అని. సినిమా పూర్తయి పేర్లు పడుతుండగా, బార్బరా చక్రాల కుర్చీలో కంప్యూటర్ల ముందుకొచ్చి పని మొదలుపెట్టే చిన్న దృశ్యం ఒకటుంది. అసలు కథ అక్కడే మొదలవ్వాలి కదా! దాన్ని తోకలా తగిలించారు.

మరి హింస ఉన్న కామిక్‌ను సినిమా తీయడమే తప్పా? అలా అనను. 2015లో వచ్చిన 'జెస్సికా జోన్స్' సీరియల్‌నే చూడండి. అది 2001లో మొదలైన 'ఏలియస్' అనే కామిక్ ఆధారంగా తీసింది. ఎదుటివాళ్ళ మనసును లొంగదీసుకోగల దుర్మార్గుడొకడు జెస్సికాను చెరబట్టి, అత్యాచారం చేశాడు. సీరియల్‌కు పెద్ద దిక్కుగా ఉండి నడిపించిన మెలిసా రోజెన్‌బర్గ్ ఆ అత్యాచారాన్ని తెర మీద ఒక్కసారి కూడా చూపించకూడదని నిర్ణయించుకుంది. చూపించినదంతా తర్వాతి జీవితమే. నిద్ర పట్టని రాత్రులు, తాగుడు, ఎవర్నీ నమ్మలేకపోవడం, నడిచొచ్చిన వీధుల పేర్లు వల్లించుకుంటూ గుండె దడ తగ్గించుకోవడం... చూసిన ఆడవాళ్ళు "ఇది మా కథ" అన్నారు. ప్రతిష్ఠాత్మకమైన పీబడీ అవార్డు వచ్చింది. హింస తగ్గలేదు, దాని బరువు పెరిగింది. తేడా అదీ.

ఇలాంటి ప్రశ్నే 2019లో మరో రూపంలో వచ్చింది. 'జోకర్' సినిమా విడుదలవుతోంది. నవ్వించలేక ఓడిపోయిన కమెడియన్ హంతకుడవడం అన్న ఆలోచన 'కిల్లింగ్ జోక్'లోనూ ఉన్నదే. 2012 జులైలో అరోరా అనే ఊళ్ళో బ్యాట్‌మన్ సినిమా ఆడుతుండగా ఒకడు హాల్లో కాల్పులు జరిపి 12 మందిని చంపాడు. ఆ కుటుంబాల వాళ్ళు కొందరు నిర్మాణ సంస్థకు ఉత్తరం రాశారు. రాసినవాళ్ళలో కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఉంది. సినిమా ఆపమని వాళ్ళు అడగలేదు. తుపాకుల వ్యాపారాన్ని వెనకేసుకొచ్చే నాయకులకు విరాళాలు ఇవ్వకండి, బతికి బయటపడ్డవాళ్ళకు సాయం చేయండి అన్నారు. ఆ సినిమా 100 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది, హీరోకి ఆస్కార్ వచ్చింది. కాల్చేవాడి మనసులోకి రెండు గంటలు తొంగిచూసిన మనం, తూటా తగిలినవాళ్ళ ఇంట్లోకి ఒక్కసారైనా తొంగిచూశామా అన్నదే ఆ ఉత్తరం నాకు వేసిన ప్రశ్న.

నిషేధిస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. అమెరికా ఆ ముచ్చటా తీర్చుకుంది. ఈ పుస్తకాల వల్లే పిల్లలు చెడిపోతున్నారని ఫ్రెడరిక్ వెర్తమ్ అనే డాక్టర్ 1954లో పెద్ద పుస్తకం రాశాడు. సెనేట్‌లో విచారణ జరిగింది. భయపడిన ప్రచురణకర్తలు తమకు తామే కఠినమైన నియమావళి పెట్టుకున్నారు. నెత్తురు తగ్గింది, ఆడదాని గౌరవం మాత్రం పెరగలేదు. ఆ డాక్టరు తన సాక్ష్యాల్ని తనకు కావలసినట్టు మార్చుకున్నాడని కరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు ఆయన కాగితాలు తిరగేసి 2012లో బయటపెట్టింది. ఆ నియమావళి కూడా 2011కల్లా మూలపడిపోయింది.

మన దగ్గర 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌ను ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడు రకాలుగా విడగొట్టారు. పెద్దవాళ్ళకే అన్న 'ఏ' ఎలాగూ ఉంది. బొమ్మల సినిమా అయినా సరే, ఆ అక్షరం, ఆ అంకె చూశాకే పిల్లల చేతికివ్వండి. అది మొదటి జాగ్రత్త. కానీ అంకెలు చూసుకుంటే మన బాధ్యత తీరిపోదు. ఈడొచ్చిన పిల్లలు ఎలాగూ చూస్తారు. చూసి వచ్చినవాణ్ణి "ఛీ, ఇలాంటివి చూస్తావా?" అని కసిరితే, రేపట్నుంచి మనకు తెలియకుండా చూస్తాడు. దానికి బదులు అన్నం పెడుతూ మెల్లిగా అడగండి: "అవునురా, ఆ పిల్లకు దెబ్బ తగిలింది కదా, తర్వాత ఏమైంది? ఎవరైనా వెళ్ళి పలకరించారా?" అని.

జవాబు తెలియకపోతే ఆలోచిస్తాడు. తెలిస్తే ఇంకా మంచిది. ఎదుటి మనిషి నొప్పి ఒక హీరో కథకు ముడిసరుకు కాదని మగపిల్లాడికి తెలియాలి. తన నొప్పి ఎవరి పగకో సాకు కాదని ఆడపిల్లకు తెలియాలి. అది నేర్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. దెబ్బ తిన్న ఆమె సంగతేమిటని ప్రతిసారీ అడగడం మానకుండా ఉంటే చాలు.