దరువు మనది, పేరు ఎవరిది?

వార్షికోత్సవం అనగానే మన హాస్టల్ పిల్లలు ముందు అడిగేది "బాక్సులు పెడతారా?" అని. పెద్దలు ముందు అనేది "ఈ మోత పాటలే కుర్రాళ్ళను పాడు చేస్తున్నాయి" అని. ఈ మాట కొత్తదేమీ కాదు. డెబ్భై ఏళ్ళ కిందట అమెరికాలో తల్లిదండ్రులు కూడా ఇదే అన్నారు. అప్పుడు వాళ్ళను భయపెట్టింది రాక్ అండ్ రోల్.

1957 జనవరిలో ఎల్విస్ ప్రెస్లీ టీవీలో పాడినప్పుడు, అతను నడుం ఊపడం కనబడకుండా నడుం పైభాగమే చూపించారు. అయినా పిల్లలు ఆగలేదు. అయితే ఆ దరువు ఎల్విస్ పుట్టించింది కాదు. నల్లజాతివారి చర్చిల్లో, పేటల్లో పెరిగింది. 1956లో ఎల్విస్‌కు ఎంతో పేరు తెచ్చిన 'హౌండ్ డాగ్' పాటను 1952లోనే బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని రికార్డు చేసింది. ఆమె పేరు మనలో ఎందరికి తెలుసు?

ఆ గాలి మన దాకా సినిమాల ద్వారా వచ్చింది. 1985లో 'దొంగ'లో చిరంజీవి మైకేల్ జాక్సన్ తరహాలో ఆడారు. 1987లో 'పసివాడి ప్రాణం'తో బ్రేక్ డాన్స్ మన కుర్రకారుకు పిచ్చి పట్టించింది. ఆ బ్రేక్ డాన్స్ కూడా న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటల్లో పేద పిల్లలు వీధుల్లో పుట్టించిందే. ఎక్కడైనా ఇదే వరస. మొదట మోత అంటారు, తర్వాత లోకమంతా ఆడుతుంది, పుట్టించినవాడి పేరు మాత్రం వెనకబడుతుంది.

మరి మన డప్పు సంగతేమిటి? జాతరకు కావాలి, చాటింపుకు కావాలి, చావుకు కావాలి. వాయించినవాడు మాత్రం గుమ్మం బయటే ఉండాలి. మన కపిలేశ్వరపురంలో హరికథ నేర్పే పాఠశాల ఉంది. అది ఊరికి గర్వకారణం. డప్పు మాత్రం నేటికీ తండ్రి చెయ్యి చూసి కొడుకు నేర్చుకోవలసిందే.

మాలో చాలామందిమి ఇంట్లో మొదటి పట్టభద్రులం. చదువుకున్నాక డప్పు మాటెత్తడానికి మనవాళ్ళు సిగ్గుపడటం చూస్తున్నాం. దానికి కారణం ఉంది. మన తాతల మెడలో డప్పు కళగా పడలేదు, వెట్టిగా పడింది. ఆ వెట్టిని కాదన్నవాళ్ళు ధైర్యవంతులే. కానీ వెట్టి వేరు, విద్య వేరు. వెట్టిని వదిలేద్దాం. విద్యను ఎందుకు వదులుకోవాలి? 2025లో తమిళనాడు పరై వాద్యకారుడు వేలు ఆసాన్‌కు పద్మశ్రీ వచ్చింది. పరై మన డప్పుకు తోబుట్టువే.

పరీక్షల ముందు రాత్రంతా బాక్సులు మోగించమని మేము అనడం లేదు. సినిమా పాటకు స్టెప్పులెయ్యవద్దనీ అనడం లేదు. ఆ వయసుకు ఆట కావాలి. మేము కోరేది ఒక్కటే. వచ్చే వార్షికోత్సవంలో మన హాస్టల్ పిల్లలే వాయించే డప్పు కార్యక్రమం ఒకటి ఉండాలి. నేర్పిన పెద్దాయనను వేదిక మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. ఆయన పేరు ఈ సంచికలో అచ్చు కావాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! దరువు మనదే. ఈసారి పేరు కూడా మనమే రాసుకుందాం.